నూనె చూసే పుల్ల

ట్రాక్టరు కంటే ముందు దాని గొడవ షెడ్డుకు చేరింది.

"చూసి తిప్పు! ఇప్పుడు చూసి ఏం లాభంలే, చూడాల్సినప్పుడు చూడాలి గానీ," అని ఆసుపత్రి స్టోర్‌కీపర్ గొంతు సందు మలుపులోంచే వినబడుతోంది. మెకానిక్ చేతిలోని మందు కొట్టే పంపును బల్ల మీద పెట్టి, గుడ్డతో వేళ్ళు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చాడు. వ్యాను వెనక తాడు కట్టి లాక్కొస్తున్నారు. మనిషి నడుమెత్తు ఉండే చిన్న తోట ట్రాక్టరు. ఇనుప సీటు మీద ఆసుపత్రి తోటమాలి ముందుకు వంగి కూర్చుని రెండు చేతులతోనూ స్టీరింగు పట్టుకున్నాడు. చచ్చిన బండినైనా గుంటలో పడకుండా తిప్పుతున్నాడు.

వ్యాను ఆగగానే స్టోర్‌కీపర్ దూకాడు. "ఇదిగోనయ్యా మీ పేషెంటు. బట్టల బండి లాగుతూ ఎత్తు మీద ఆగిపోయింది. హ్యాండిల్ తిప్పితే కదలడం లేదు. ఎందుకు పోయిందో నాకు తెలుసు. నీ నోటితో నువ్వు చెబితే పెద్దమ్మ నమ్ముతుంది." పెద్దమ్మ అంటే ఆసుపత్రి సూపరింటెండెంటు. వెనక అందరూ ఆమెను అలాగే అంటారు.

తోటమాలి సీటు దిగాడు. దిగేటప్పుడే తెలుస్తుంది అతని సంగతి. ఎడమ తుంటి సరిగా లేదు. అడుగు వేస్తే ఒళ్ళంతా ఆ పక్కకు ఒరిగి మళ్ళీ లేస్తుంది. ఆసుపత్రిలో అతన్ని బాతు అని పిలుస్తారు, పిలిస్తే పలుకుతాడు కూడా. సీటు మీద కూర్చున్నంతసేపు మాత్రం అందరిలాంటి మనిషే.

మెకానిక్ ఇంజను కింద పాత ట్రే పెట్టి బోల్టు విప్పాడు. నూనె దారంలా సన్నగా కారి, చూస్తూండగానే చుక్కలైంది. ట్రే అడుగు కూడా సరిగా కప్పలేదు. నల్లటి నూనెలో వెండి పొడి చల్లినట్టు మెరుపులు.

"చూశావా?" అన్నాడు స్టోర్‌కీపర్, తన మాటే గెలిచినంత సంతోషంగా. "ఇంతే! స్టోరులోంచి డబ్బాలు తీసుకెళ్ళడం మాత్రం బాగా వచ్చు."

"పొద్దున పుల్ల పెట్టి చూశానండి," అన్నాడు తోటమాలి. "గీత దాకా ఉంది."

"గీతట! నీ నుదుటి మీద ఉందేమో చూసుకో." స్టోర్‌కీపర్ మెకానిక్ వైపు తిరిగాడు. "ఏమంటావు? ఎందుకు పోయింది?"

మెకానిక్‌కు ఆ పూట ఒంట్లో ఓపిక లేదు. నడుము లాగుతోంది, బల్ల మీద పంపు సాయంత్రానికి కావాలని ఎవరో రెండుసార్లు మనిషిని పంపారు. వేలిని నూనెలో ముంచి, ఆ మెరుపుల్ని బొటనవేలితో రుద్ది చూసుకున్నాడు. "నూనె లేక కాలిందండి," అన్నాడు.

అది నిజమే. నిజం కాబట్టే అంత తేలిగ్గా నోట్లోంచి వచ్చేసింది.

"అంతే. ఆ ఒక్క ముక్క చాలు. మా బామ్మర్ది ఖాళీగానే ఉన్నాడు. కుర్రవాడు, కళ్ళు కనబడతాయి." స్టోర్‌కీపర్ వ్యానెక్కి, బాతును వెనక ఎక్కమని చేత్తో సైగ చేశాడు. తోటమాలి ఒక్క క్షణం అక్కడే నిలబడ్డాడు. ట్రాక్టరు సీటు మీద పడిన ఆకొకటి తీసేసి, వ్యాను వైపు ఒరుగుతూ లేస్తూ నడిచాడు.

మర్నాడు పొద్దున మెకానిక్ స్క్రాపరు పట్టుకుని ట్రాక్టరు ముందు కూర్చున్నాడు. ముందు ఇది ఏ ఇంజనో తెలియాలి. తెలియకుండా లోపల కాలిన రాడ్‌కు బదులు ఇంకోటి ఎక్కడ వెతుకుతాడు? పేరున్న రేకు ఎప్పుడో ఊడిపోయింది. పైన ఆకుపచ్చ రంగు, గీకితే కింద నీలం, దాని కింద బూడిద రంగు. ఆసుపత్రి గేట్లూ కిటికీలూ మంచాలూ ఏ ఏడు ఏ రంగు వేసుకున్నాయో అంతా దీని ఒంటి మీద ఉంది. మిగిలిన డబ్బాలన్నీ దీనికే పూసినట్టున్నారు.

ముందు ఇరుసు మీద రంగు పోగానే పోతపోసిన ఆకు గుర్తు బయటపడింది. పెడలు మీద కూడా అదే ఆకు. అతను తల ఊపాడు. ఆ ఆకు కంపెనీ మూతపడి చాలా కాలమైంది గానీ, దాని ట్రాక్టర్లు అక్కడక్కడా ఇంకా గడ్డి కోస్తున్నాయి. వాటి ఇంజన్లు పొడుగ్గా, లోతైన కడుపుతో ఉంటాయి. ఇదేమో పొట్టిగా, వెడల్పుగా ఉంది. పొయ్యి దగ్గరి పీటలాగా.

ఇంజను పక్కన గీకాడు. రంగు ముక్కలు రాలి మోకాళ్ళ మీద పడ్డాయి. అక్కడ ఆకు లేదు, నక్షత్రం ఉంది. హెడ్ విప్పి వెర్నియరు పెట్టి సిలిండరు వెడల్పు కొలిచాడు. ఒకసారి చాలక, అడ్డంగా తిప్పి ఇంకోసారి కొలిచాడు. ఇది ట్రాక్టరు ఇంజనే కాదు. పొలాల్లో నీళ్ళు తోడే పంపు ఇంజను. ఇలాంటిదొకటి షెడ్డు వెనక రేకుల కింద పగిలిపోయి పడి ఉంది కూడా. దాని రాడ్ బాగుండాలే గానీ సగం పని అయినట్టే.

అంటే ఎవరో ఎప్పుడో ఇంజను మార్చారు. కిందికి వంగి చూస్తే ఛాసిస్ మీద పాత బోల్టుల రంధ్రాలు నాలుగు ఖాళీగా ఉన్నాయి. కొత్త ఇంజను వాటికి కుదరక, మధ్యలో మందపాటి ఇనుప పలక ఒకటి వేశారు. పలక అంచుల్ని ఆకురాయితో ఎంత శ్రద్ధగా అరగదీశారంటే, వేలు పోనిస్తే గాజు మీద పోయినట్టు పోతోంది. ఎవరికీ కనబడని చోట ఇంత నునుపు ఎందుకు అనుకుంటూ ఆ మూల రంగు కూడా గీకాడు. పంచ్‌తో కొట్టిన మూడు చుక్కలు, ఒకదాని పక్కన ఒకటి.

అతను స్క్రాపరు కింద పెట్టేశాడు.

"అత్తయ్యా!" అని కేకేశాడు. "ఒకసారి ఇటు రండి."

అత్తగారు షెడ్డు వెనకనున్న ఇంట్లోంచి టీ గ్లాసుతో వచ్చింది. గ్లాసు చుట్టూ చిన్న గుడ్డ చుట్టి తెస్తుంది, అతని వేళ్ళు చీలి ఉంటాయని. కూతురు పోయాక కూడా ఆమె ఈ ఇంట్లోనే ఉండిపోయింది. ఉండమని అతను అడగలేదు, వెళతానని ఆమె అనలేదు. మర్నాడు పొద్దున మామూలుగా టీ పెట్టింది, అంతే.

"మామయ్య పని," అన్నాడు పలక చూపిస్తూ.

ఆమె వంగి, కొంగుతో మూల తుడిచి, చుక్కల్ని వేలితో తడిమింది. "ఆయనదే," అంది. "మంచం పట్టీ కోసి చేసుంటాడు. మన ఇంట్లో మంచాలన్నీ అలాగే పొట్టివయ్యాయి."

మెకానిక్ నవ్వాడు. షెడ్డు మీద బోర్డు ఇప్పటికీ మామగారి పేరుతోనే ఉంది. అత్తగారు అప్పుడప్పుడూ కర్రకు తడిగుడ్డ చుట్టి దాన్ని తుడుస్తుంది. ఆయన చేసింది మళ్ళీ రిపేరుకు తిరిగి రాలేదు అని ఆమె ఎంతమంది గిరాకీలకు చెప్పిందో లెక్కలేదు. అతను కూడా చెబుతాడు, అవే మాటల్లో.

మధ్యాహ్నం తోటమాలి వచ్చాడు, నడిచి. చొక్కా వీపంతా తడిసి ఉంది. మెకానిక్ స్టూలు జరిపాడు గానీ అతను కూర్చోలేదు. కూర్చుంటే లేవడం కష్టమన్నాడు.

"నిన్న మీరన్న మాట ఆయన పెద్దమ్మకు చెప్పేశాడు, మేస్త్రిగారూ. రేపు పిలిచి అడుగుతుందట. అప్పటిదాకా నాకు తోపుడు బండి ఇచ్చారు."

"తడి బట్టలా?"

"తడివే. వాషింగు రూము ఇప్పుడు ఎత్తు మీదికి మార్చారు కదా. సగం దాకా తోసి, చక్రం కింద రాయి పెట్టి నిలబడ్డాను. పైనుంచి ఒక పేషెంటు దిగొచ్చి తోశాడు. దగ్గు మనిషి. అతని చేత తోయించుకున్నానని అదో మాట." అతను ముఖం తుడుచుకున్నాడు. "ఆ బండి నా వల్ల కాదు. అవదని వాళ్ళకూ తెలుసు. అవకపోతే ఇంటికి పొమ్మంటారు."

మెకానిక్ చేతిలో నట్టును అటూ ఇటూ తిప్పుతున్నాడు.

"నేను మిమ్మల్ని ఏదో చెప్పమనడానికి రాలేదు," అన్నాడు తోటమాలి. జేబులోంచి మడతపెట్టిన గుడ్డ ఒకటి తీశాడు. పాత దుప్పటి ముక్క. విప్పితే దాని నిండా సన్నటి నూనె చారలు, పక్కపక్కన, వరుసగా, పొలంలో చాళ్ళు తీసినట్టు. "రోజూ పొద్దున పుల్ల తీసి దీంతో తుడిచి, మళ్ళీ ముంచి చూస్తాను. తగ్గితే పోస్తాను. గీత దాటి పొయ్యకూడదని అప్పుడెవరో చెప్పారు, దాటనివ్వను. నేను చూడలేదంటున్నాడు కదా ఆయన, అది ఒక్కటీ... మీరొక్కసారి పుల్ల పెట్టి చూడండి. నేను చూసేది మీరూ చూడండి. అంతే."

అతను గుడ్డను పాత మడతల్లోనే మడిచి జేబులో పెట్టుకున్నాడు. తోపుడు బండి ఎదురు చూస్తోందని చెప్పి వెళ్ళిపోయాడు.

మెకానిక్ ఇంజను దించి బల్ల మీదికి ఎక్కించాడు. అడుగు విప్పి పిస్టనునూ రాడ్‌నూ బయటికి తీశాడు. రాడ్ పట్టే చోట క్రాంకు మీద అల్యూమినియం కరిగి అంటుకుపోయి ఉంది, మాడిన గిన్నె అడుగులాగా. రాడ్ కింద చిన్న చెంచాలాంటి ముక్క ఉంటుంది. ఇంజను తిరిగినప్పుడల్లా అది అడుగున ఉన్న నూనెలో మునిగి పైకి చిమ్ముతుంది. ఈ ఇంజనుకు నూనె అందేది ఆ చెంచాతోనే, వేరే దారి లేదు.

అడుగు మళ్ళీ బిగించి, మట్టం చూసి, కొత్త నూనె కొంచెం కొంచెంగా పోశాడు. పుల్ల పెట్టడం, తుడవడం, మళ్ళీ పెట్టడం. పుల్ల మీద నూనె సరిగ్గా గీతను తాకిన చోట ఆపాడు. తర్వాత రేకుల కింది ఇంజనులోంచి తీసిన మంచి రాడ్‌ను సిలిండరులోంచి లోపలికి దించి, క్రాంకు మీద ఆనించి, చేత్తో ఒక చుట్టు తిప్పి పైకి తీశాడు.

చెంచా కొస మాత్రం తడిసింది. పిల్లి పాలు ముట్టుకుని వదిలేసినంత.

ఇంజను ఒక పక్కన చెక్క ముక్క పెట్టి ఎత్తాడు, ఎత్తు మీదికి పోతున్నట్టు. మళ్ళీ దించి తిప్పి తీశాడు. ఈసారి చెంచా పొడిగా వచ్చింది.

గడ్డి కోసే చదునులో ఇన్నేళ్ళూ ఎలాగో నెట్టుకొచ్చింది. తడి బట్టలు కట్టి ఎత్తెక్కించేసరికి నూనె ఒక పక్కకు పోయింది, రాడ్ కాలిపోయింది. తోటమాలి రోజూ చూశాడు. గీత దాకా ఉంది. ఆ గీతే ఉండాల్సిన చోట లేదు.

అతను పుల్లను వెలుతురులోకి తెచ్చి పట్టుకున్నాడు. ఇంజనుకు ఈ పుల్ల మరీ పొడుగు. పైన ఇత్తడి బిరడా మీద జిడ్డు గోకాడు. నక్షత్రం ఉండాలి అక్కడ. ఆకు ఉంది.

ఇంజను మారింది, పుల్ల మారలేదు.

ఎవరు మార్చలేదో అడగక్కర్లేదు. పనిలో చేరిన కొత్తలో మామగారు మొదట చెప్పిన మాట అదే: గిరాకీ సామాను గిరాకీకే పోవాలి. ఏ యంత్రం విప్పినా దాని మూతలూ పిడులూ స్ప్రింగులూ వాళ్ళవి వాళ్ళకే బిగించి పంపేవాడు, బాగున్నంత వరకూ. పాత పుల్ల బాగానే ఉంది. రంధ్రంలో సరిపోయింది. కాబట్టి నిజాయితీగా వాళ్ళది వాళ్ళకే పెట్టి పంపాడు.

మెకానిక్ బల్ల మీద రెండు మోచేతులూ ఆనించాడు. పాతబడి పోయింది, ఎవరి తప్పూ లేదు అని రేపు చెప్పవచ్చు. కానీ నూనె లేక కాలింది అని తనే అన్నాడు. ఆ మాటను స్టోర్‌కీపర్ నోట్లో పెట్టింది తనే. ఇప్పుడు నూనె ఎందుకు లేదో చెప్పకపోతే తోటమాలి ఆ సీటు మళ్ళీ ఎక్కడు. చెబితే మామగారి పేరు చెప్పాలి. ఆసుపత్రి నిండా ఆ మాట తిరిగి, సందు చివరికి వచ్చి, తడిగుడ్డతో బోర్డు తుడుచుకునే మనిషి చెవిన పడుతుంది.

సాయంత్రం భోజనానికి కూర్చుని, ముద్ద కలిపి అలాగే పట్టుకున్నాడు. అత్తగారు వడ్డించి, వంటింట్లో ఆవిరి పోవడానికి పై కిటికీ తీయబోయింది. ఆ కిటికీ గడియ ఎత్తులో ఉంటుంది. ఒకప్పుడు నేల మీద నిలబడే తీసేది. ఈమధ్య ఆమె వంగిపోతూ వచ్చింది, గడియ అక్కడే ఉంది. స్టూలు లాక్కుని, గోడ పట్టుకుని ఎక్కి, మేకుకు వేలాడే పుల్లతో గడియ ఎత్తుతుంది.

"దిగండి అత్తయ్యా, నేను తీస్తాను. ఆ గడియ కిందికి మార్చేస్తానంటే వినరు."

"ఆయన పెట్టిన గడియ. పోనీలే, ఒక్క అడుగేగా," అంటూ ఆమె పుల్ల పైకెత్తింది.

సన్నటి ఉక్కు పుల్ల. చివర చిన్న ఇత్తడి బిరడా. ఇన్నేళ్ళుగా రోజూ చూస్తున్న వస్తువే. అతను ముద్ద కంచంలో వదిలేసి లేచాడు.

"అదిలా ఇవ్వండి."

ఆమె దిగి ఇచ్చింది. అతను బిరడాను బొటనవేలితో రుద్దాడు. వంటింటి జిడ్డు కింద నక్షత్రం ఉంది. పుల్ల మధ్యలో సన్నటి గీత కూడా ఉంది.

"ఏమిటి నాయనా? అలా అయిపోయావేం?"

"ఏం లేదు."

"ఏం లేనివాడివి ఎంగిలి చేత్తో నా పుల్ల పట్టుకుని నిలబడ్డావా? కూర్చో. చెప్పు."

"ఇది ఎక్కడిది అత్తయ్యా?"

"ఆయనే ఇచ్చాడు. ఏదో ఇంజను బిగించి పంపాక మిగిలిందన్నాడు. వాళ్ళ పుల్ల వాళ్ళకు ఇచ్చేశాను, ఇది మనదే, పారేయడమెందుకు, కిటికీకి పనికొస్తుంది అన్నాడు." అని, అతని ముఖం చూసి ఆగింది. ఆమె మామూలు ఇల్లాలు కాదు. ఏళ్ళ తరబడి ఆ షెడ్డులో కిరసనాయిల్లో సామాన్లు కడిగి, ఏ నట్టు ఏ డబ్బాలోదో చూడకుండా చెప్పిన మనిషి. "అది ఆ ట్రాక్టరుదా?" అంది నెమ్మదిగా.

అతను చెప్పాడు. తోటమాలి గుడ్డ గురించీ, పొడిగా వచ్చిన చెంచా గురించీ చెప్పాడు. మామయ్య అన్న మాట దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గించి, కంచంలోకి చూస్తూ చెప్పాడు. ఆమె ఏడుస్తుందనుకున్నాడు, లేదా లేచి వెళ్ళిపోతుందనుకున్నాడు. ఆమె స్టూలు మీద కూర్చుని, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, చివరిదాకా విని, అలసటగా నవ్వింది.

"ఆయన తప్పు చేయడని నీకెవరు చెప్పారు?"

"మీరే కదా."

"నేను గిరాకీలకు చెప్పాను. ఒకసారి ఫ్యాను తిరగేసి బిగించాడు. గాలంతా పైకి పోతోందని వాళ్ళు వస్తే, ఇది చలికాలం బిగింపు, వేసవికి మారుస్తారు అని చెప్పి కూర్చోబెట్టాను. ఆయన వెనక గదిలోంచి బయటికి రాలేదు." ఆమె పుల్ల తీసుకుని కొంగుతో తుడవడం మొదలుపెట్టింది. "అలాంటివి ఎన్నో. మంచివాడు. తొందరమనిషి. ఆయన పోయాక కూడా ఎందుకన్నానంటే, అమ్మాయికి ఆ మాట ఇష్టం. అమ్మాయి పోయాక నీకోసం అన్నాను. పొద్దున లేచి ఆ బోర్డు కింద నిలబడితేనే నీకు పని మీదికి చెయ్యి వెళుతున్నట్టుంది, అది కూడా లాగేస్తే ఎలా అని."

"నేను మీకోసం అంటున్నాను అత్తయ్యా."

ఆమె అతని వైపు చూసింది. పొయ్యి మీద నీళ్ళు మరుగుతున్నాయి. కిటికీ మూసే ఉంది, వంటిల్లంతా ఆవిరి.

"సరిపోయింది," అంది చివరికి. "ఇద్దరం మోస్తున్నాం, ఎవరికీ అక్కర్లేని బరువు. తిను, చల్లారిపోయింది." లేచి అతని కంచంలో వేడిది కొంచెం వేసి, "రేపు ఆ అమ్మతో ఆయన పేరు పెట్టే చెప్పు. మా వాళ్ళెవరో అని నసగొద్దు," అంది.

సూపరింటెండెంటు గదిలో బల్ల నిండా ఫైళ్ళు. ఆమె కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టుకుని, అరచేత్తో కళ్ళు నొక్కుకుంటోంది. ఒక పక్క స్టోర్‌కీపర్ నిలబడ్డాడు, తలుపు దగ్గర తోటమాలి. మెకానిక్ పాత కాగితం పరిచి రెండు పుల్లల్నీ దాని మీద పక్కపక్కన పెట్టాడు.

"పొడుగుది ట్రాక్టరులో ఉన్నదండి. పొట్టిది ఉండాల్సింది. పొడుగుది లోతుకి పోతుంది కాబట్టి అడుగున కాస్త నూనె ఉన్నా గీత తడుస్తుంది. ఇతను చూసినప్పుడల్లా గీత దాకా ఉంది. అతను చెప్పింది నిజమే."

"మొన్న నూనె లేక కాలిందన్నావుగా," అన్నాడు స్టోర్‌కీపర్.

"అన్నాను. లేకే కాలింది. ఇతను పొయ్యక కాదు."

"మరి ఈ పుల్ల ఎవరు పెట్టారు?" అంది ఆమె.

"మా మామగారండి. ఇంజను మార్చినప్పుడు. బోర్డు మీద ఉండే పేరు ఆయనదే."

"అంటే మీ షెడ్డు తప్పు."

"అవునండి."

ఆమె పొట్టి పుల్ల తీసి చూసింది, తర్వాత పొడుగుది. వాటిని మళ్ళీ అలాగే పక్కపక్కన పెట్టింది. "ఇది నాకు ముందే ఎందుకు చెప్పలేదు?" అని తలుపు వైపు చూసింది.

"చెప్పానండి," అన్నాడు తోటమాలి. "చూశానని చెప్పాను."

ఆమె కళ్ళద్దాలు కిందికి దించుకుంది. స్టోర్‌కీపర్ గొంతు సవరించుకుని, "వీళ్ళే పాడు చేసి వీళ్ళే బాగు చేస్తారన్నమాట. జనరేటరు కూడా ఈ వారం అక్కడికే పంపాలనుకున్నాం," అన్నాడు, గోడతో చెప్పినట్టు.

"జనరేటరు సంగతి తర్వాత," అంది ఆమె. "ట్రాక్టరు వచ్చాక ఇతనే నడుపుతాడు. తోపుడు బండికి ఇంకెవరినైనా చూడు. మీ బామ్మర్ది ఖాళీ అన్నావుగా."

తోటమాలి తల వంచుకున్నాడు. నవ్వు దాచుకుంటున్నాడో, ఇంకేదైనానో తెలియలేదు.

పని ఆ రోజూ ఆ తర్వాతి రోజూ పట్టింది. క్రాంకు మీద అంటిన లోహాన్ని యాసిడ్‌లో ముంచిన చీపురు పుల్లతో కొంచెం కొంచెం కరిగించి, కడిగి, సన్న ఎమెరీ గుడ్డను పట్టీలా కోసి, చుట్టూ కవ్వం తాడులా అటూ ఇటూ లాగుతూ నునుపు చేశాడు. అత్తగారు ఎదురుగా పీట వేసుకుని రేకుల కింది రాడ్‌నూ నట్లనూ కిరసనాయిల్లో కడిగింది. చాన్నాళ్ళైంది ఆమె షెడ్డులో కూర్చుని. "ఇలా లాగితే గుడ్డు ఆకారం వస్తుంది, చెయ్యి మార్చు," అంటోంది మధ్యమధ్య. అతను చెయ్యి మార్చాడు. బిగించడం అయ్యాక మామగారి పలకను మళ్ళీ అదే చోట పెట్టాడు. ఆ పని బాగుంది, మార్చాల్సిందేమీ లేదు.

ట్రాక్టరును తోటమాలే వచ్చి తీసుకెళ్ళాడు. మెకానిక్ హ్యాండిల్ వేసి తిప్పితే మొదట దగ్గి, పొగ వదిలి, ఆగిపోయింది. మళ్ళీ తిప్పాడు. ఈసారి టకటకమని అందుకుంది. ఆ చప్పుడు సమంగా పడే దాకా అత్తగారితో సహా ముగ్గురూ విన్నారు. ఇంజను ఆపాక తోటమాలి అలవాటుగా పుల్ల తీసి, జేబులోంచి గుడ్డ తీసి తుడిచి, ముంచి, పైకి తీసి చూశాడు. పొట్టి పుల్ల చేతిలో కొత్తగా ఉన్నట్టుంది. దాన్ని కళ్ళ దగ్గరికి తెచ్చుకున్నాడు.

"ఉంది," అన్నాడు. మళ్ళీ పెట్టాడు గానీ చెయ్యి బిరడా మీదే ఉంది. "మేస్త్రిగారూ, అయితే ఇన్నేళ్ళూ నేను చూసిందంతా ఉత్తదేనా?"

ఆ మాట అతను కోపంగా అనలేదు. మెకానిక్ పానా చేతిలో పట్టుకుని నేల వైపు చూశాడు.

"ఆ కాస్తయినా రోజూ ఉంచావు కాబట్టే ఇంతకాలం నడిచింది, అన్నా," అన్నాడు. "చూడనివాడి చేతిలో అయితే మొదటి ఏడే పోయేది. అప్పుడు నా దగ్గరికి కాదు, తుక్కు కొట్టుకు వెళ్ళేది."

తోటమాలి గుడ్డ మడిచి జేబులో పెట్టుకున్నాడు. సీటు ఎక్కేటప్పుడు తుంటి సాయం చేయక చక్రం మీద చెయ్యి వేశాడు. ఎక్కి కూర్చున్నాక వీపు నిటారుగా అయింది. సందు మలుపు తిరిగేటప్పుడు వెనక్కి చూడకుండా ఒక చెయ్యి పైకెత్తాడు.

మర్నాడు మెకానిక్ ఆసుపత్రి ముందు నుంచి వెళుతూ ఇనుప గేటులోంచి చూశాడు. జనరేటరు ఉండే షెడ్డు ఖాళీగా ఉంది. ఎవరో అప్పటికే తీసుకెళ్ళారు. అతను ఎవరినీ అడగలేదు. ఎత్తు మీద బట్టల బండి వెనక వేసుకుని చిన్న ట్రాక్టరు పొగ వదులుతూ పైకి పోతోంది. పైకి చేరేదాకా నిలబడి చూసి, ఇంటికి వచ్చాడు.

వంటింట్లో అత్తగారు స్టూలు లాగబోతోంది. మేకుకు ఇప్పుడు పొడుగు పుల్ల వేలాడుతోంది. పొద్దున తనే కొస కొంచెం వంచి తగిలించాడు.

"స్టూలు వద్దు అత్తయ్యా. అక్కడి నుంచే చూడండి."

ఆమె నమ్మకం లేకుండా పుల్ల తీసుకుని, నేల మీదే నిలబడి, చెయ్యి చాచింది. పుల్ల కొస తడుముకుంటూ గడియ కిందికి వెళ్ళింది. ఇంకొంచెం మునివేళ్ళ మీద లేవాల్సి వచ్చింది, అంతే. గడియ లేచింది. కిటికీ తెరుచుకుంది. ఆవిరి బయటికి పోవడం మొదలుపెట్టింది.

ఆమె పుల్లను మేకుకు తగిలించి, పొయ్యి వైపు తిరిగింది.

"ఆ స్టూలు షెడ్డులో పడెయ్ నాయనా," అంది. "ఊరికే కాళ్ళకు అడ్డం పడుతోంది."